ఆండలూసియా భోజనశాలలో అష్టవిధ ఆహార పరీక్ష

విదేశాలకు వెళ్ళిన మనవారు భోజనశాలలో అడిగే మొదటి ప్రశ్న "ఇందులో మాంసం ఉన్నదా?" అని. అది అడుగవలసిన ప్రశ్నే గాని, ఆరోగ్యానికి అదొక్కటే చాలదు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయం ఆహారాన్ని ఎనిమిది విధాల పరీక్షించమని బోధించింది. ద్రవ్యం యొక్క ప్రకృతి, పాకసంస్కారమైన కరణం, పదార్థాల సంయోగం, పరిమాణమైన రాశి, దేశం, కాలం, భుజించే నియమం, భుజించే వ్యక్తి అనునవి ఆ ఎనిమిది. స్పెయిన్ దేశపు దక్షిణ ప్రాంతమైన ఆండలూసియాలోని భోజనశాలకు వెళ్ళేవారికి ఈ పరీక్ష ఎట్లు ఉపకరిస్తుందో చూద్దాము.

దేశానికి తగిన ద్రవ్యం

గ్వాదల్కివీర్ నది లోయలోని సెవియా, కోర్దోబా నగరాలలో జులై, ఆగస్టు మాసాలలో ఎండ తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండకు తగినవే అక్కడి చల్లని పులుసులు. టమాటా, కీరదోస, కాప్సికం, వెల్లుల్లి, నానిన పాత రొట్టె, ఆలివ్ నూనె, వెనిగర్, ఉప్పు కలిపి పచ్చిగా నూరినది గస్పాచో. పొలంలో శ్రమించే కూలీల ఆహారమది. మన పల్లెలలో చద్దన్నం, మజ్జిగ చేసిన మేలే అక్కడ పాత రొట్టె, నూనె, వెనిగర్ చేశాయి. మాలగా ప్రాంతంలో టమాటా లేకుండా బాదంపప్పు, వెల్లుల్లి, రొట్టె, నూనె, వెనిగర్ నూరి, ద్రాక్షపండ్లతో వడ్డించే తెల్లని పులుసును ఆహో బ్లాంకో అంటారు.

గ్రీష్మంలో మధురమైన, శీతలమైన, ద్రవమైన, స్నిగ్ధమైన ఆహారం హితమనీ, పులుపు, ఉప్పు, కారం తగ్గించవలెననీ ఋతుచర్య చెబుతుంది. ఆ దృష్టితో చూస్తే గస్పాచోలోని చల్లదనం, నూనె మేలు చేసేవే. పచ్చి వెల్లుల్లి, వెనిగర్ పిత్తాన్ని పెంచేవి. ఎండలో పనిచేసి వచ్చినవానికి అది పథ్యం కావచ్చును. ఏసీ గదిలో కూర్చున్న అమ్లపిత్త రోగికి అదే ఛాతీలో మంట కలిగించవచ్చును. ద్రవ్యం ఒక్కటే అయినా, భుజించేవాడు వేరు.

కంటికి కనబడని సంయోగం

కోర్దోబా ప్రసిద్ధ వంటకమైన సాల్మొరేహో చూచుటకు చిక్కని టమాటా పులుసే. కాని దాని చిక్కదనమంతా రొట్టెది. గోధుమ పడని సీలియాక్ రోగులు దీనిని ముట్టరాదు. పైన ఉడికిన గ్రుడ్డు, హామోన్ అనే ఎండబెట్టిన పంది మాంసపు తునకలు చల్లుతారు. "సిన్ హామోన్", అనగా హామోన్ వద్దు అని ముందుగానే చెప్పవలెను. రక్తపోటు ఉన్నవారు కూడా ఆ మాంసంలోని ఉప్పును లెక్కలోనికి తీసుకొనవలెను. బాదం పడనివారికి ఆహో బ్లాంకో నిషిద్ధం.

వేయించిన వంకాయ ముక్కలపై "మియెల్ దె కాన్యా" పోసి ఇస్తారు. మియెల్ అనగా తేనె గనుక, వేడి పదార్థంతో తేనె విరుద్ధమని మనవారు సందేహించవచ్చును. అది తేనె కాదు, కాచిన చెరకు పాకం. కనుక ఆ విరోధం లేదు. మధుమేహులకు మాత్రం అది చక్కెరే.

శాకాహారులకు సెవియాలో అనుకూలమైనది పాలకూర, కాబూలీ శనగలు, జీలకర్రతో వండిన వేడి వంటకం. శనగ వాతాన్ని పెంచినా జీలకర్ర దీపనం చేస్తుంది. వార్ఫరిన్ వంటి మందు వాడేవారు పాలకూరను ఒక్కసారిగా అధికంగా తినరాదు. అందులోని కె విటమిను ఆ మందు పనిని తగ్గిస్తుంది.

రాశి

అక్కడి భోజనశాలలలో ఒకే వంటకాన్ని అనేక చోట్ల మూడు పరిమాణాలలో ఇస్తారు. చిన్న పళ్ళెం తాపా, సగం మేదియా రసియోన్, పూర్తిది రసియోన్. ఉదరంలో ఒక భాగం ఘనాహారానికి, ఒక భాగం ద్రవానికి, ఒక భాగం దోషాల సంచారానికి విడువమన్న చరకుని మాటను పాటించుటకు ఇంతకన్న అనువైన పద్ధతి ఏమున్నది? క్రొత్త పదార్థాన్ని ముందు తాపాగానే తెప్పించుకొని, ఆకలిని బట్టి మరల అడుగవలెను.

కాలం

మధ్యాహ్న భోజనం అక్కడ రెండు గంటల తరువాతనే. ఇది అకాల భోజనమని మనకు తోచవచ్చును. కాని స్పెయిన్ గడియారం 1940 నుండి మధ్య ఐరోపా కాలాన్ని అనుసరిస్తున్నది. అందువలన జూన్‌లో సెవియాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సుమారు రెండున్నరకు. అనగా ఆ భోజనవేళ జఠరాగ్ని బలంగా ఉండే నిజమైన మధ్యాహ్నమే. దినంలో పెద్ద భోజనం కూడా అదే. రాత్రి తొమ్మిది, పది గంటల భోజనం మాత్రం నిద్రకు చేరువైనది గనుక, జీర్ణశక్తి తక్కువైనవారు దానిని ఒకటి రెండు తాపాలతో ముగించుట మేలు. భోజనానంతరం బల్ల వద్దనే కూర్చుండి తొందర లేకుండా ముచ్చటించే అలవాటును అక్కడ సోబ్రెమేసా అంటారు. ఇది ఆదరింపదగిన ఆచారం.

ఆలివ్ నూనె మాట

స్పెయిన్‌లో 55 నుండి 80 ఏళ్ళ వయసు గల 7,447 మందిపై ప్రెడిమెడ్ అనే పరిశోధన జరిగింది. 2013లో ప్రకటించి, లోపాలు సవరించి 2018లో మరల ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, శుద్ధమైన ఆలివ్ నూనె గాని, బాదం, అక్రోటు వంటి గింజపప్పులు గాని చేర్చిన మధ్యధరా ఆహారం తీసుకొన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి విపత్తులు సుమారు 30 శాతం తగ్గాయి. ఆ మేలు కూరలు, పప్పుధాన్యాలు, పండ్లతో కూడిన మొత్తం ఆహారానిది. నూనెలో వేయించిన చేపల పళ్ళెానికి దానిని అన్వయించరాదు.

తిరిగి వచ్చేటప్పుడు ఖరీదైన నూనె సీసా తేవలసిన అవసరం లేదు. మన దేశసాత్మ్యానికి నువ్వుల నూనె ఉన్నది. వేసవి మధ్యాహ్నానికి అల్లం, కరివేపాకు, సైంధవ లవణం వేసిన పలుచని మజ్జిగ ఉన్నది. అక్కడి నుండి తెచ్చుకొనదగినవి మూడు: మధ్యాహ్నం ప్రధాన భోజనం, చిన్న పళ్ళెం, తొందరలేని భోజనం. వీటికి ఖర్చు లేదు. ఏ దేశంలోనైనా హితమే.