మీకు తెలుసా? బండలాగే కార్లు

కర్నూలు, కడప పల్లెల బండలాగుడు పోటీల్లో ఇచ్చిన నిమిషాల్లో ఎద్దుల జత బండను ఎంత దూరం ఈడ్చిందన్నదే లెక్క. తరగతులు పళ్లను బట్టి: రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు.

కార్లనూ ఆ కంటితో చూస్తే, 1964 నాటి అమెరికా కారు పాంటియాక్ జీటీవో అచ్చం సీనియర్ జతే. 6.4 లీటర్ల వీ8 ఇంజిన్, తొక్కగానే లాగుతుంది. 1975 పోర్షె 911 టర్బోది 3 లీటర్లే. పొగగొట్టంలో వృథాగా పోయే వాయువుతో టర్బైన్ తిప్పి, ఇంజిన్‌లోకి గాలి కూరి 260 హార్స్‌పవర్ రాబట్టింది. టర్బైన్ అందుకునేదాకా కాస్త జాప్యం, ఆపైన ఒక్కటే దూకుడు!

అలా కూరేటప్పుడు గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఈ కారుకు 1978లోగాని రాలేదు. కర్నూలు మే ఎండలో ఆ తొలి టర్బోను పందేనికి దించితే, నా పందెం జీటీవో మీదే.