పట్టు వదలని చేతులు

ఏటా జనవరి 26కీ, ఆగస్టు 15కీ ముందు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఒక జాబితా ప్రకటిస్తుంది. పతకాలు పొందిన పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, హోంగార్డులు, జైలు ఉద్యోగుల పేర్లు అందులో ఉంటాయి. మర్నాడు పేపర్లో సన్నని అక్షరాల్లో వచ్చే ఆ పేర్లను మనలో ఎందరు చదువుతాం? మన ఊరివారెవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసి పేజీ తిప్పేస్తాం.

2024 ఆగస్టు జాబితాలో 1037 పేర్లున్నాయి. ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి చేసిన మంచి సేవకు ఇచ్చినవి. ధైర్యసాహసాలకు ఇచ్చినవి 214 మాత్రమే. వాటిలో అన్నిటికన్న పెద్దదైన రాష్ట్రపతి శౌర్య పతకం దేశం మొత్తం మీద ఒక్కరికే దక్కింది. ఆయన తెలంగాణ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులు చదువు యాదయ్యగారు.

2022 జూలై 25న ఆయన ఇద్దరు నేరస్థులను పట్టుకోబోయారు. గొలుసు దొంగతనాల్లోను, ఆయుధాల అమ్మకంలోను ఆరితేరినవాళ్ళు. వాళ్ళు కత్తి తీసి ఆయనను ఛాతీలో, వీపులో, కడుపులో, ఎడమ చేతిమీద పొడిచారు. ఆయన వదలలేదు. వినడానికి ఇది చిన్న మాటే. కూర తరుగుతూ వేలు తెగితేనే మనం చాకు పారేసి చెయ్యి విదిలిస్తాం. నొప్పి పుట్టిన చోటినుండి వెనక్కి లాక్కోవడం శరీరానికి ఎవరూ నేర్పనక్కర లేదు. రక్తం కారుతూ ఉండగా, పొడుస్తున్నవాళ్ళనే గట్టిగా పట్టుకొని ఉండడం మరో సంగతి. ఇద్దరూ దొరికారు. యాదయ్యగారు 17 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ రోజుల్లో ఆ ఇంట్లోవాళ్ళు ఎలా గడిపారో ఏ జాబితాలోనూ ఉండదు.

పోలీసు పతకాలు 1951 నుండి ఉన్నాయి. తర్వాత ఒక్కో శాఖకు వేరుగా పెరిగి 16 రకాలయ్యాయి. 2023లో వాటన్నిటినీ కలిపి నాలుగు చేశారు. కానిస్టేబుళ్ళ పతకం వేరు, అధికారుల పతకం వేరు అన్న తేడా మాత్రం వీటిలో లేదు. నాకు అన్నిటికన్న నచ్చిన విషయం అదే.

అంతకన్న పెద్ద గౌరవం అశోక చక్రం. యుద్ధరంగానికి వెలుపల చూపిన సాహసానికి దేశమిచ్చే అత్యున్నత పురస్కారమది. అది కూడా ఒక పట్టుకే దక్కింది. 2008 నవంబరు 26 రాత్రి ముంబైలో గిర్గాం చౌపాటి దగ్గర పోలీసులు దారికి అడ్డం కట్టి ఒక కారును ఆపారు. లోపల ఇద్దరు ఉగ్రవాదులు. అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది లాఠీ. కసబ్ తుపాకి ఎత్తగానే ఆయన దాని గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకొన్నారు. తూటాలు ఒంట్లో దిగుతున్నా వదలలేదు. ఆ కాసేపట్లో తోటివాళ్ళు మీదపడి కసబ్‌ను లొంగదీశారు. దాడికి వచ్చిన పదిమందిలో ప్రాణాలతో దొరికింది వాడొక్కడే. ఓంబ్లేగారు బ్రతకలేదు.

రెండు నెలలకు, 2009 జనవరి 26న, ఢిల్లీలో ఆ అశోక చక్రాన్ని ఆయన భార్య అందుకొన్నారు.