కెమెరా లెన్స్: చౌకగా వస్తోందని లెన్స్ కొనేస్తున్నారా..? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ మూడు చూసుకోండి

మూడు ముళ్లు పడే క్షణం మళ్లీ రాదు. ‘ఇంకోసారి కట్టు బాబూ’ అని పెళ్లికొడుకుని అడగలేం. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు లాంటి ఊళ్లలో చిన్న స్టూడియో నడిపేవారికి కొత్త లెన్స్ అంటే పెద్ద ఖర్చే. అందుకే సెకండ్ హ్యాండ్ వైపు చూస్తారు. మరి తీరా ముహూర్తం రోజు ఆ లెన్స్ బాడీకి ఎక్కకపోతే..? ఎక్కినా ఫోకస్ కాకపోతే..? అలా జరగకూడదంటే కొనేముందే మూడు విషయాలు తేల్చుకోవాలి.

1. సెన్సార్ సైజు ఎంత..?

ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు. అంటే పాత ఫిల్మ్ రీలు ఫ్రేమ్ అంత. ఏపీఎస్-సీ సెన్సార్ అంతకంటే చిన్నది. నికాన్, సోనీల్లో సుమారు 23.5×15.6, కెనాన్‌లో సుమారు 22.3×14.9 మిల్లీమీటర్లు. మైక్రో ఫోర్ థర్డ్స్ ఇంకా చిన్నది, 17.3×13 మాత్రమే.

సెన్సార్ చిన్నదైతే లెన్స్ చూపించే దృశ్యంలో మధ్య భాగమే ఫొటోలో పడుతుంది. దీన్నే క్రాప్ ఫ్యాక్టర్ అంటారు. నికాన్, సోనీ ఏపీఎస్-సీకి ఇది 1.5, కెనాన్‌కు 1.6, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 2. కెనాన్ ఏపీఎస్-సీ బాడీకి 50 ఎంఎం లెన్స్ పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో 80 ఎంఎం పెట్టినట్టు కనిపిస్తుంది. ఇరుకింట్లో పెళ్లికూతుర్ని చేసేటప్పుడు అందరూ ఫ్రేమ్‌లో పట్టాలంటే వెనక్కి జరగాలి.. వెనకేమో గోడ! గండికోటలో పెన్నా లోయ మొత్తం ఒక్క ఫొటోలో రావాలన్నా ఇదే ఇబ్బంది. ఫుల్ ఫ్రేమ్‌లో 18 ఎంఎం చూపించేంత వెడల్పు కావాలంటే ఏపీఎస్-సీలో 11, 12 ఎంఎం లెన్స్ ఉండాలి.

2. మౌంట్ ఏది..?

బాడీకి లెన్స్ బిగించే చోటే మౌంట్. కంపెనీ ఒకటే కదా అని కొంటే పొరపాటే. 1987లో వచ్చిన కెనాన్ ఈఎఫ్ మౌంట్ వేరు, 2018లో మిర్రర్‌లెస్ కోసం వచ్చిన ఆర్‌ఎఫ్ వేరు. నికాన్‌లోనూ అంతే.. 1959 నాటి ఎఫ్ మౌంట్ వేరు, 2018 నాటి జెడ్ వేరు.

పాత ఈఎఫ్ లెన్స్‌ను అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ బాడీకి వాడుకోవచ్చు. ఎలాగంటే.. ఈఎఫ్‌లో మౌంట్ నుంచి సెన్సార్‌కు దూరం 44 మిల్లీమీటర్లు, ఆర్‌ఎఫ్‌లో 20. మధ్యలో మిగిలిన 24 మిల్లీమీటర్లను అడాప్టర్ పూరిస్తుంది. ఆర్‌ఎఫ్ లెన్స్‌ను పాత డీఎస్‌ఎల్‌ఆర్‌కు పెట్టాలంటే మాత్రం ఆ చోటే లేదు. కాబట్టి కుదరదు.

కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఇంకో గుర్తు ఉంది. ఎర్ర చుక్క ఉంటే ఈఎఫ్, తెల్ల చతురస్రం ఉంటే ఈఎఫ్-ఎస్. బాడీ మీద తెల్ల గుర్తు లేకపోతే ఈఎఫ్-ఎస్ లెన్స్ ఎక్కదు. సిగ్మా, టామ్రాన్ లెన్స్‌లైతే ఒకే మోడల్ వేర్వేరు మౌంట్లలో వస్తుంది. ఏ మౌంటో అడగకుండా డబ్బు పంపొద్దు.

సోనీ ఈ మౌంట్‌లో ఏపీఎస్-సీ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ బాడీకి కూడా ఎక్కుతుంది. కానీ క్రాప్ మోడ్‌లో 24 మెగాపిక్సెల్ కెమెరా సుమారు 10 మెగాపిక్సెల్‌కు పడిపోతుంది. పెద్ద ఆల్బమ్ ప్రింట్‌లో ఆ తేడా కనిపించొచ్చు.

3. ఫోకస్ మోటార్ ఉందా..?

పాత నికాన్ ఏఎఫ్-డీ లెన్స్‌లలో మోటార్ ఉండదు, బాడీలోనే ఉండాలి. డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో అది లేదు. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. లెన్స్ ఎక్కుతుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాల్సిందే. తలంబ్రాల వేళ అంత తీరిక ఎక్కడిది..?

అందుకే లెన్స్ చూడటానికి వెళ్తే మీ బాడీ, మెమరీ కార్డు వెంట తీసుకెళ్లండి. బిగించండి, ఆటో ఫోకస్‌లో పది ఫొటోలు తీయండి, నాలుగు మూలలూ జూమ్ చేసి చూడండి. ఆ తర్వాతే బేరం!