సాగెడు గుడ్డకు తగిన సూది

ప్రత్తి పండు గుంటూరు, ప్రకాశము సీమలవారమగు మనకు గుడ్డ యనగా నేతగుడ్డయే మొదట తోచును. చీరాల మగ్గముపై పడుగును పేకయు ఒకదానినొకటి దాటుచు బిగిసి గుడ్డ యగును. తిరుప్పూరు నుండి వచ్చు బనీను గుడ్డ అట్టిది కాదు. అందు నూలు ఉచ్చులో ఉచ్చుగా అల్లబడును. కావుననే అది సాగును. ఈ భేదమును గమనింపక మేమొకసారి పొరపడితిమి.

మిరప కోతకు పోవు పొరుగింటి యామె యొకతె, ఎండకును ఘాటుకును అడ్డముగా నిండుచేతుల బనీను కుట్టి యిమ్మని కోరినది. రవికలు కుట్టు 16వ నంబరు సూదితోనే కుట్టితిమి. చూచుటకు బాగుగనే యుండెను. రెండు ఉతుకులకు కుట్టు వెంబడి బెజ్జములు తేలినవి. ఆ గుడ్డకు ఆమె ఒక దినపు కూలి వెచ్చించినది, తప్పు మాది.

వాడిమొన సూది పోగును చీల్చును. నేతగుడ్డలో ఒక పోగు తెగినను ప్రక్క పోగులు పట్టి యుంచును. అల్లిక గుడ్డలో ఒక ఉచ్చు తెగినచో దానిని నమ్ముకొన్న ఉచ్చులును జారును. కావున దీనికి మొన గుండ్రనైన ‘బాల్ పాయింట్’ సూది వలయును. అది పోగును ప్రక్కకు ఒత్తి సందులో దూరును.

లైక్రా కలిసిన లెగ్గింగు గుడ్డకు ‘స్ట్రెచ్’ సూది మేలు. సూది దిగి కొంచెము లేచునపుడు దారము వెనుకవైపున చిన్న వంపు తీయును. షటిల్ కొక్కెము ఆ వంపునే అందుకొనును. మిక్కిలి సాగు గుడ్డ సూదితోపాటు లేచుటచే వంపు సరిగా ఏర్పడక కుట్టు తప్పును. స్ట్రెచ్ సూదికి కంటిపైని గుంట లోతుగా నుండుటచే కొక్కెము మరింత చేరువగా వచ్చి దారమును పట్టును.

సూదిపై 75/11 అని యున్నచో, 75 అనగా లావు 0.75 మిల్లీమీటరు, 11 అనునది దుకాణములో మనము చెప్పు నంబరు. పలుచని బనీనుకు 70/10 గాని 75/11 గాని, దళసరి టీషర్టుకు 90/14 గాని చాలును. అయితే నంబరు లావునే తెలుపును, మొనను తెలుపదు. కావున నంబరుతోపాటు ‘బాల్ పాయింట్’ అనియో ‘స్ట్రెచ్’ అనియో తప్పక అడుగవలెను.

ముందుగా ముక్కగుడ్డపై కుట్టి, రెండుచేతుల సాగదీసి చూడుడు. దారము తెగినచో సన్నని జిగ్‌జాగ్ కుట్టు వేయుడు. ఆ సౌకర్యము లేని మిషనైనచో గుడ్డను కొద్దిగా సాగదీయుచు కుట్టుడు. పొరుగింటి యామెకు మేము రెండవ బనీను ఇట్లే కుట్టి యిచ్చితిమి. కోతలు ముగిసినను దాని కుట్టు చెదరలేదు.