గర్భసంచిలోకి పంపే నీళ్ళకు లెక్కుండాలి

ముట్టు ఎక్కువై, రక్తం తగ్గి, దిబ్బూరహళ్ళి నుంచి చింతామణికో చిక్కబళ్ళాపురానికో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే ఆడకూతుళ్ళారా, గర్భసంచి తీయించేయడమొక్కటే దారి అనుకోకండి. ముట్టు ఎక్కువవడానికి కారణమైన గడ్డ (ఫైబ్రాయిడ్) సంచి లోపలి వైపుకి పెరిగి ఉంటే చాలాసార్లు పొట్ట కోయకుండానే తీస్తారు. కింది నుంచే కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి, కరెంటు పారే తీగతో చెక్కేస్తారు. మగవాళ్ళ ప్రొస్టేట్‌ చెక్కే పనిముట్టునే ఇందుకు వాడి చూపించాడు న్యూయార్క్ డాక్టరు రాబర్ట్ న్యూవర్త్, 1976లో. నేను ఎంతో మెచ్చుకునే పని అది.

అయితే గర్భసంచి గోడలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. లోపల కనబడాలంటే నీళ్ళు ఒత్తిడితో నింపి ఉబ్బించాలి. గడ్డ చెక్కేటప్పుడు తెగిన రక్తనాళాల్లోంచి ఆ నీళ్ళే ఒంట్లోకి దూరతాయి. పాత రకం పనిముట్టుకి ఉప్పునీళ్ళు పనికిరావు, కరెంటు చెదిరిపోతుంది. అందుకని గ్లైసిన్ కలిపిన నీళ్ళు వాడతారు. ఒంట్లో గ్లైసిన్ కరిగిపోయాక మిగిలేది వట్టి నీళ్ళే. రక్తంలో సోడియం 135 నుంచి 145 దాకా ఉండాలి; లీటరు గ్లైసిన్ నీళ్ళు ఎక్కితే సుమారు 10 పడిపోతుంది. అప్పుడు నీళ్ళు మెదడు కణాల్లోకి చేరి మెదడు వాస్తుంది. పుర్రెలో చోటేదీ? తలనొప్పి, వాంతులు, మతి తప్పడం, ఫిట్స్. ముట్టవుతున్న వయసు ఆడవాళ్ళకే ఈ ముప్పు ఎక్కువ.

బైపోలార్ అనే కొత్త రకం పనిముట్టు వచ్చాక ఉప్పునీళ్ళే, అంటే సెలైన్, వాడగలుగుతున్నారు, సోడియం అంతగా పడదు. సెలైనే కదా అని ధీమా మాత్రం వద్దు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, గుండె మోయలేదు.

మడికి కట్టిన నీళ్ళలోంచి బయటికి పారినవి తీసేస్తే ఇంకినవెన్నో తెలుస్తాయి చూడండి, ఇక్కడా అదే లెక్క. ఆరోగ్యంగా ఉన్న మనిషికి గ్లైసిన్ అయితే 1000 మిల్లీలీటర్లు, సెలైన్ అయితే 2500 ఒంట్లోనే ఉండిపోయాయంటే, గడ్డ మిగిలినా ఆపరేషన్ ఆపేయాలి. ముసలివాళ్ళకీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకీ ఇంకా ముందే.

కాబట్టి అమ్మా, గుండె, కిడ్నీ, బీపీ సంగతులు, వేసుకునే మాత్రలు డాక్టరమ్మకు ముందే చెప్పండి. నీళ్ళ లెక్క ఎవరు చూస్తారని అడగండి. మిగతా గడ్డ ఇంకోసారి తీద్దామంటే సరేననండి.