పడకగదిలో పాడితే గొంతుకు గోడల మోత ఎందుకు అంటుతుంది?

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు తెలుగు నేత కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. అలాంటి ఓ ఇంట్లో ఒకమ్మాయి పడకగదిలో మైకు పెట్టుకుని బతుకమ్మ పాట రికార్డు చేసిందనుకుందాం. ఎదురుగా కూచుని వింటే కమ్మగా ఉన్న గొంతు, ఇయర్‌ఫోన్లో వింటే డ్రమ్ములో తలపెట్టి పాడినట్టు ఎందుకుంటుంది?

ఎదురుగా వినేటప్పుడు మన రెండు చెవులూ మెదడూ కలిసి, గొంతు ఎటునుంచి వస్తోందో పట్టేసి, గోడల మోతను వెనక్కి నెట్టేస్తాయి. మైకుకు ఆ తెలివి లేదు. గోడకు కొట్టుకుని తిరిగొచ్చినదాన్నీ అసలు గొంతునూ కలిపి ఒకే గాటన కట్టేస్తుంది. నున్నటి సిమెంటు గోడ, టైల్స్ నేల తమకు తగిలిన శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లే మింగుతాయి. మిగతాదంతా గదిలోనే అటూ ఇటూ తిరుగుతుంటుంది.

ఈ చిక్కును తొలిసారి లెక్కకు తెచ్చినవాడు హార్వర్డ్ అధ్యాపకుడు వాలెస్ సబీన్. 1895లో ఆయనకు అదే విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలను బాగుచేసే పని అప్పగించారు. అక్కడ మాట ఆగాక కూడా ఐదున్నర సెకన్ల దాకా మోత వినిపించేదట. ఆయన దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, రాత్రిళ్లు ఆర్గన్ గొట్టం మోగించి, మోత ఎంతసేపు నిలుస్తుందో కొలుస్తూ పోయాడు. చివరికి తేలిన సూత్రం చాలా చిన్నది: గది ఘనపుటడుగులను 0.049తో గుణించి, గదిలోని మొత్తం మింగుడుతో భాగించాలి. పది బై పన్నెండు గది, కప్పు పదడుగుల ఎత్తు అనుకుంటే 1,200 ఘనపుటడుగులు. గోడలు, నేల, కప్పు కలిపి 680 చదరపు అడుగులు. నూటికి మూడు పాళ్ల చొప్పున మింగుడు 20. అంటే ఖాళీ గదిలో మోత దాదాపు మూడు సెకన్లు! నూటికి 80 పాళ్లు మింగే మెత్తలు వంద చదరపు అడుగులు పెడితే అది 0.6 సెకన్లకు దిగుతుంది. మంచం, పరుపు, బీరువా ఉన్న గదిలో ఇంకాస్త తక్కువే.

మరి ఆన్‌లైన్లో అమ్మే అంగుళం మందం ఫోమ్ అతికిస్తే చాలదా? చాలదు. గోడను ఆనుకున్న చోట గాలి కణాలు కదలవు. కదలనిదాన్ని మెత్త పట్టుకోలేదు. గోడ నుంచి తరంగం పొడవులో నాలుగో వంతు దూరాన కదలిక ఎక్కువ. 1,000 హెర్ట్జ్ శబ్దానికి ఆ దూరం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌కు 85. అందుకే పలుచటి ఫోమ్ 'స', 'ష'ల పదును మాత్రం తినేసి, కింది స్థాయి గుమ్మును అలాగే వదిలేస్తుంది. గదంతా అదే అతికిస్తే గొంతు జీవం కోల్పోతుంది, గుమ్ము ఇంకా ఎత్తుగా తెలుస్తుంది. నన్నడిగితే ఆ డబ్బుతో ఒక మంచి రజాయి కొనడం మేలు. ఇక కొందరు గోడలకు అతికించే కోడిగుడ్ల అట్టల సంగతి ఎత్తకపోవడమే నయం.

పనికొచ్చేది నాలుగంగుళాల రాక్‌వూల్ పలక. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు చెక్క ఫ్రేములో బిగించి, గోడకు మూడు నాలుగంగుళాలు ఎడంగా వేలాడదీయాలి. ఆ ఎడం మందానికి తోడవుతుంది, వానాకాలంలో చెమ్మ పట్టకుండానూ కాపాడుతుంది. దూది రాలకుండా ముందుగా చుట్టూ పలుచటి గుడ్డ చుట్టాలి. పలకను ముట్టేటప్పుడు మాస్కు, చేతితొడుగులు తప్పనిసరి. పైకప్పే బట్టకు సూరత్‌లో కొదవా? నోటికి ఆనించి ఊదండి. గాలి అవతలికి పోతే శబ్దమూ పోతుంది. జార్జెట్ పాసవుతుంది, రెగ్జిన్ ఫెయిలవుతుంది.

లోపల నింపడానికి మార్కెట్లో చవగ్గా దొరికే పాలిస్టర్ చిందీ (గుడ్డ పేలికల) మీద మనసు పోతుంది. వద్దు. అది మండుతుంది, కరిగి కారుతుంది. ఫోమ్ అంతకంటే వేగంగా అంటుకుంటుంది. మంట ఎంత పని చేయగలదో సూరత్‌కు తెలుసు: 2019 మే 24న సర్థాణాలోని తక్షశిల భవనంలో 22 మంది విద్యార్థులను మంటలు బలిగొన్నాయి. నిద్రపోయే గదికి రాక్‌వూలే క్షేమం. అది రాతి నార, మండదు.

మొదటి పలక ఎక్కడ? చాలామంది మైకు వెనక పెడతారు. ఇళ్లలో వాడే మైకులు ఎక్కువగా ముందువైపే వింటాయి, ఆ ముందున్నది పాడేవాళ్ల వీపు వెనక గోడ. కాబట్టి పలక ఆ వీపు వెనక ఉండాలి. పలక చేయించేదాకా, తలుపులు తెరిచిన బట్టల బీరువాకు వీపు పెట్టి నిలబడినా సగం పని అవుతుంది. తర్వాతి పలకలు మూలలకు. పదడుగుల దూరమున్న గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర గాలి ఊగుతుంది. కప్పూ పదడుగులే అయితే రెండూ ఒకేచోట కలిసి డప్పు దెబ్బను ఉబ్బిస్తాయి. ఆ ఊపులో గాలి ఒత్తిడి మూలల్లోనే పోగవుతుంది.

పక్క సందులో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మాత్రం ఈ పలకలకు ఆగదు. దాన్ని ఆపేది బరువు, సందులేని బిగింపు: ఇటుక గోడ, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కిటికీకి రెండో అద్దం. నేలగుండా ఎక్కే అదురుకు అవీ చాలవు. అప్పుడు మైకునే దగ్గరకు తెచ్చుకోవాలి. అడుగు దూరాన్ని ఆరంగుళాలకు తగ్గిస్తే గొంతు ఆరు డెసిబెళ్లు పెరుగుతుంది, సాంచాల మోత అంతే ఉంటుంది. కరెంటు పోతే సాంచాలూ ఫ్యానూ కలిసే ఆగుతాయి. రికార్డుకు అదే అదను కాబట్టి, ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఫుల్ చార్జ్‌తో ఉంచుకోండి.