ఆత్మకూరు సీమలో జనన మరణముల పద్దు

చావులు తక్కువగా వ్రాయబడిన గ్రామము ఆరోగ్యవంతమైన గ్రామమని తలంచుట లోకసహజము. మే మట్లు తలంపజాలము. ఆత్మకూరు, ఉదయగిరి వంటి మెట్ట తాలూకాలలో పుస్తకము పలుచబడినపుడు తగ్గినవి చావులా, చావుల వ్రాతలా యని ముందుగా విచారింపవలెను.

చెన్నరాజధానిలో జనన మరణముల నమోదునకు 1899లో ప్రత్యేక శాసన మేర్పడినది. పల్లెలలో నా భారము గ్రామ మునసబుపై బడెను. శిస్తు వసూలు, చిల్లర తగవులు, వచ్చిపోవు అధికారుల మర్యాదలు, వీని నడుమ నీ పుస్తకము. ఉదయగిరి కొండల దాపున విసిరివేసినట్లున్న పల్లెలలో, ఒకచోట నిలువని యానాదుల గుడిసెలలో ఎవరు పుట్టిరో, ఎవరు గతించిరో తలారి వచ్చి చెప్పినగాని మునసబునకు తెలియదు. శిస్తు బాకీ దమ్మిడీతో సహా తేలెడి కచ్చేరిలో మనుష్యులు మాత్రము తేలకపోయిరి!

పురిటిలోనే పోయిన శిశువు సంగతి మరింత విచారకరము. ఆ బిడ్డ పుట్టినట్లును వ్రాయరు, పోయినట్లును వ్రాయరు, చెల్లుకు చెల్లు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో మన దేశమున పుట్టిన వేయిమందిలో రమారమి 200 మంది యేడాది నిండకయే మరణించుచుండిరని జనసంఖ్యా శాస్త్రజ్ఞుల యంచనా. 2020లో ఆంధ్రప్రదేశమున నా సంఖ్య 24.

వ్రాసిన చావులకైనను సరియైన కారణము వ్రాయబడెనా? 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమును ఊడ్చివేసినపుడు మరణములలో ననేకము ‘జ్వరము’ అను గడిలోనే పడినవి. వైద్యుడు చూడని రోగికి మునసబు మరియేమి పేరు పెట్టగలడు? 1911లో 25 కోట్ల 21 లక్షలున్న దేశ జనసంఖ్య 1921 నాటికి 25 కోట్ల 13 లక్షలకు తగ్గినదని జనాభా లెక్కలు తేల్చినవి. పల్లె పుస్తకము చెప్పలేకపోయిన నష్టమును ఖాళీయైన యిండ్లు చెప్పినవి.

జనన పత్రము లేనిచోట సంస్కరణ శాసనములును నిలువలేదు. 1929 నాటి శారదా చట్టము పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదనెను. వయస్సునకు నిదర్శన మేది? తండ్రి చెప్పినదే నిదర్శనము!

మునసబు, కరణముల వ్యవస్థ 1984లో రద్దయినది. 1969 నాటి కేంద్రశాసనము దేశమంతట నమోదును నిర్బంధము గావించినది; దాని క్రింది నియమములు 21 దినముల గడు వేర్పరచినవి. అయినను కోవిడు కాలమున పాత ప్రశ్నయే మరల తలయెత్తినది. 2020, 2021 సంవత్సరములకు ప్రభుత్వము ప్రకటించిన కోవిడు మరణములు 4 లక్షల 81 వేలు. ప్రపంచారోగ్యసంస్థ 2022లో కట్టిన అధిక మరణముల యంచనా 47 లక్షలు. ఈ యంచనాను కేంద్రప్రభుత్వ మంగీకరింపలేదు. కాని దేశమున నమోదైన మొత్తము మరణములు 2020లో 81 లక్షలుండగా, 2021లో 1 కోటి 2 లక్షల కెక్కినవి. ఈ లెక్క ప్రభుత్వమువారిదే. వెలువడుటకు మాత్రము 2025 వరకు పట్టినది.

మన భూస్వాములు తండ్రి పోయిన వెంటనే మరణపత్రమునకై తిరుగుదురు. పట్టా మారవలెను గదా. ఆస్తిలేని ముదుసలి పోయినచో ఆ పత్రము నడుగువా రెవరు? ఆత్మకూరు పురపాలకసంఘమువారును, చుట్టుపట్ల పంచాయతీ కార్యదర్శులును నెలకొకసారి శ్మశానపు కాపరిని, ఆశా కార్యకర్తను పిలిపించి, వారు చెప్పిన పేర్లను తమ పుస్తకముతో సరిచూడవలెనని మేము కోరుచున్నాము. దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు. ఒక పూట పని.